గడ్డ మీది జింకలు, తువాలు కింది బేరం

ఒక ఊరినంతా నోరు విప్పకుండా ఒప్పించిన ఫారెస్టు రేంజరు ఆదోని తాలూకాలో నాకు ముందు లేడు, నా తర్వాతా పుట్టి ఉండడని నా నమ్మకం. అది మామూలు ఊరు కాదు. పెద్దపెద్దవాళ్ళు మీటింగులు పెట్టి విసిగిపోయిన ఊరు. మా పై అధికారి జీపులో పోయిన ప్రతిసారీ మర్యాదగా మజ్జిగిచ్చి, మర్యాదగా వెనక్కి పంపిన ఊరు. నేను పోయి, చావడి అరుగు మీద కూర్చుని, భుజం మీది తువాలు తీసి పరిచి, దాని కింద ఒక మనిషి వేళ్ళు పట్టుకున్నాను. వక్క నమిలినంత సేపట్లో బేరం ముగిసింది. ఖర్చు రెండు తమలపాకులు, ఒక వక్క. సర్కారు పని ఇంత చౌకగా ఇంకెవరైనా చేసి ఉంటే నా ముందుకు తీసుకురండి.

ఆ బేరం పుణ్యమా అని నెల తిరక్కముందే ఆ ఊరి ఆడవాళ్ళంతా ఏట్లో దిగి కూర్చున్నారు. నా చేతిలో చెయ్యి పెట్టిన మనిషికి ఊళ్ళో పలకరింపు కరువైంది. తమలపాకులు అంత ఖరీదు పెట్టి కొన్నవాడు కూడా బహుశా నేనొక్కడినే.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అనుభవం చెప్పమంటారు. బదిలీలు, ప్రమోషన్లు చెప్పి మిమ్మల్ని నిద్రపుచ్చను. ఈ ఒక్క సంగతి చెబుతాను. ఇది తెలిస్తే మిగతావి మీరే నేర్చుకుంటారు. తెలియకపోతే నాలాగా రిటైరవుతారు.

అంగడి చదువు

మా నాయనది ఆదోనిలో తాళ్ళు, గోనెసంచుల అంగడి. పత్తి కాలం వస్తే జిన్నింగు మిల్లులన్నీ మా గడపలోనే పడి ఉండేవని చెప్పాలని ఉంది గానీ, అదే వీధిలో అలాంటి అంగళ్ళు చాలా ఉండేవి, మాది మూలది. మూలలో ఉన్నవాడు మాటతో బతకాలి. అందుకని మాకు పాలతోపాటే బేరం కూడా పట్టేవారు. ఎదుటివాడు ధర చెప్పేదాకా నువ్వు చెప్పొద్దు. గుంపుతో బేరం ఆడొద్దు, గుంపులో మాట చెల్లేవాణ్ణి ఒక్కణ్ణి చూసుకో, వాడితో తెంచుకో. నా చదువులో గట్టిగా నిలిచినవి ఈ రెండే.

ఎమ్మిగనూరు జాతరకు మా నాయన పగ్గాలు, ముకుతాళ్ళు బండికెత్తుకుని పోయేవాడు. అక్కడ ఎద్దుల సంతలో తువాలు బేరం చూశాను. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు, కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఎంతకు తెగిందో పక్కనున్న ఎద్దుకు కూడా తెలియదు. తెగాక కొనేవాడు అమ్మేవాడి చేతిలో ఆకూవక్కా పెడతాడు. ఇక అంతే. అమ్మినవాడు తర్వాత ఎంత ఏడ్చినా ఎద్దు పోవాల్సిందే. ఆకూవక్కా తీసుకుని మాట తిప్పినవాడి కొట్టంలోకి ఆ తర్వాత బేరగాడు అడుగుపెట్టడు. వాడికే కాదు, వాడి ఊరంతటికీ ఆ మచ్చ. 'ఫలానా ఊరోళ్ళా, వాళ్ళ మాట నీళ్ళ మీద రాత' అంటారు.

ఎద్దు కొనే యోగం లేకపోయినా వేళ్ళ భాష మాత్రం నేను బాగా నేర్చాను. అంగట్లో అన్నలు ఎక్కువై నేను ఫారెస్టు ఉద్యోగంలోకి వచ్చాను. చెట్లతో పని, గొడవ ఉండదనుకున్నాను. చెట్టు ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. చెట్టు కింద నిలబడ్డ మనిషే పెట్టాడు. ఈ ఉద్యోగం మొత్తం ఆ మనిషితోనే.

గడ్డ

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్త. కౌతాళం అవతల తుంగభద్ర రెండు పాయలుగా చీలేచోట ఏటి నడుమ ఒక గడ్డ ఉండేది. దాని ఎదుటి ఊరి పేరు రాయను. ఆ మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. గడ్డ మీద మోకాలెత్తు గడ్డి, తుమ్మచెట్లు, దిగువ కొసన పెద్దపెద్ద బండలు. మధ్యలో ఒక సమాధి. ఎప్పుడో ఒక అవధూత వచ్చి అక్కడే ఉండి అక్కడే పోయాడట. పేరు ఎవరికీ తెలియదు, గడ్డతాత అనేవారు. చుట్టూ తిరిగే జింకలు తాతవి. నల్లటి ఇర్రులు, లేత మట్టిరంగు లేళ్ళు, ఒక మంద. వాటి మీద ఎవరూ రాయి విసిరేవారు కాదు. జొన్న కోతలో ప్రతి ఇల్లూ మొదటి పిడికెడు కంకులు పుట్టి తెప్పలో పంపి గడ్డ మీద పెట్టించేది. అవి తాత తిన్నాడో జింకలు తిన్నాయో ఎవరూ విచారించేవారు కాదు.

ఎగువన ఆనకట్ట వచ్చింది. కాలవ వచ్చింది. వేసవిలో ఏరు సన్నబడి పాయ మోకాలి లోతుకు దిగిపోయింది. పాయ దాటితే కాలవ కింద ఎండాకాలంలో కూడా పచ్చగా మొలకలు. గడ్డ మీద ఎండుగడ్డి. జింక మాత్రం ఎంతకాలం భక్తిగా ఉంటుంది? పాయ దాటి పైర్ల మీద పడింది.

కాలవ రైతులను తప్పు పట్టకండి. ఒకాయన పైపంచెలో పిడికెడు మట్టి తెచ్చి నా బల్ల మీద పోశాడు. "దీంట్లో ఇత్తనం ఏసినా సామీ. మొలక యాడుండాదో మీరే ఎతికి పెట్టండి," అన్నాడు. నేను బల్ల తుడుచుకున్నాను.

మా దొర

మా పై అధికారిని ఆఫీసులో అందరం దొర అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చాడు, మా ఎండను తిట్టుకుంటూనే పని మాత్రం శ్రద్ధగా చేసేవాడు. లంచం ముట్టడు, ఫైలు ఆపడు. ఇలాంటి అధికారులతో ఒకటే ఇబ్బంది, అన్నీ ఒక పూటలో అయిపోవాలంటారు.

"ఏమిటండీ ఇందులో అంత ఆలోచన?" అన్నాడు. "ఆదోనిలో నా స్నేహితులున్నారు, తుపాకులున్నాయి. ఒక ఆదివారం చాలు. ఉదయం మొదలెడితే భోజనాల వేళకు గడ్డ ఖాళీ."

అప్పట్లో జింకను కాల్చడం నేరమని ఎవరూ అనుకునేవారు కాదు. జీపుల్లో తిరిగి సరదాకు కాల్చేవాళ్ళు మా తాలూకాలోనే ఉండేవారు. నాకు మాత్రం ఆ ఊరు కళ్ళ ముందు మెదిలింది. వలలు వేసి పట్టి, గడ్డి పరిచిన బండ్లలో దూరపు చిట్టడవికి తోలుకుపోతామని బతిమాలాను.

"మీరు బేరగాళ్ళు కదా. సరే, ఏటికి కొత్తనీళ్ళు వచ్చేలోపు చెయ్యండి," అన్నాడు. "ఒక్క జింక మిగిలినా ఆ ఆదివారం ఆదివారమే. తర్వాత నన్ననొద్దు."

బేరం

ఆ ఊళ్ళో మాట చెల్లేవాడు నాగప్ప. రెడ్డి కాదు, కరణం కాదు, పుట్టి నడిపేవాడు. తోలు కట్టిన ఆ గుండ్రటి తెప్పలో, ఏరు పొంగినప్పుడు ఎవర్ని ఎక్కించుకోవాలో ఎవర్ని ఆపాలో ఆయనే చెప్పేవాడు. ప్రాణాల సంగతి కాబట్టి ఊరు వినేది. అలా అలవాటుపడి మిగతా సంగతుల్లోనూ వినేది.

చావడి మీద ఆయన పక్కన కూర్చున్నాను. చుట్టూ మనుషులు.

"జింకలు పోవాల్సిందే నాగప్పా."

"అవి తాతవి. పొమ్మనేకి నువ్వెవురు, నేనెవురు?"

"పైర్లు తింటున్నాయి. తుపాకులొస్తాయి."

"తాత ఉండాడు."

"తాత తుపాకీకి అడ్డం నిలబడతాడా?"

"ఆయప్ప నిలబడకున్యా మేం నిలబడతాం," అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

దొర లెక్కలో ఒక్కటి మిగలకూడదు. ఊరి లెక్కలో ఒక్కటి పోకూడదు. ఒకడు సున్నా అంటే ఇంకొకడు నూరు అంటున్నాడు. ఇలాంటి బేరం కనబడితే నాకు నోరూరుతుంది. మధ్యలో ఎక్కడో తెగుతుంది కదా! కొన్ని జతలు గడ్డ మీద మిగిల్చేస్తే మంద చావదు, తాత ఒంటరికాడు, పైరుకు పెద్ద నష్టం రాదు. కాకపోతే ఆ మాట పైకి అనేది కాదు. మా ఆఫీసు బంట్రోతు అక్కడే గోడకానుకుని ఉన్నాడు. వాడి చెవిన పడింది సాయంత్రానికి దొర చెవిన పడుతుంది.

తమలపాకులు తీసే నెపంతో వంగి నాగప్ప చెవిలో, "మిగిలే జతలు," అని ఊదాను. తువాలు పరిచాను. ఆయన ముందు నావైపు వింతగా చూశాడు. తర్వాత అర్థమై చెయ్యి లోపలికి పెట్టాడు. నేను ఒక వేలు పట్టాను. ఆయన అరచెయ్యంతా తెరిచాడు. ఏటి తాడు లాగిలాగి గట్టిపడ్డ వేళ్ళు, ఒక్కొక్కటి కొయ్యమేకులా ఉంది. రెండు పట్టాను. ఆయన నాలుగు మిగిల్చాడు. చివరకు మూడు దగ్గర ఇద్దరం ఆగాం. మూడు జతలు. ఆయన కళ్ళలో తడి తిరిగింది. నా కళ్ళలో తిరిగింది గర్వం.

ఆ గర్వంలో అలవాటుకొద్దీ ఆకూవక్కా ఆయన చేతిలో పెట్టాను. ఆయనా అలవాటుకొద్దీ తీసుకున్నాడు.

ఊరంతా చూసింది.

ఎంతకు?

ఇప్పుడు మీరే చెప్పండి. ఏటేటా ఎమ్మిగనూరు సంతకు పోయే ఊరు అది. అంగడివాడి కొడుకొకడు వచ్చి, తువాలు పరిచి, తమ పెద్దమనిషి వేళ్ళు పట్టుకుని, ఆకూవక్కా ఇచ్చి పోయాడు. మర్నాడు నాగప్ప 'జింకలు పోతాయి, పోనీండి' అన్నాడు. వాళ్ళు ఏమనుకుంటారు?

జింకల్ని పంపడానికి ఆ ఊరు ఒప్పుకునేదేమో, నాకిప్పటికీ తెలియదు. తాతకు చెప్పుకుని, కంకులు పెట్టి, కన్నీళ్ళతో సాగనంపేవారేమో. అమ్ముడుపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మీ ఫైళ్ళలో 'ప్రజల వ్యతిరేకత' అని ఒక ముక్క రాసి పడేస్తారు. దేనికి వ్యతిరేకత అని అడగండి. మనం చేసే పనికి కాకపోవచ్చు, చేసిన తీరుకు కావచ్చు.

పుకారుకు రెక్కలొచ్చాయి. ఒక్కో ఇర్రికి ఒక్కో ఎద్దట. కాదు, నాగప్పకు కాలవ కింద పొలమట. ఆ పొలంలో మొదటి పంట జింకలే తింటాయని నవ్వులు. నవ్వులు ఉన్నన్నాళ్ళు ఫరవాలేదు. తర్వాత నవ్వడం మానేసి ఆయన పుట్టి ఎక్కడం మానేశారు. అవతలి ఒడ్డుకు పని పడితే ఏటి వెంట నడిచిపోయి ఇంకో ఊరి రేవులో దాటారు.

ఒక మధ్యాహ్నం నాగప్ప ఆదోని వచ్చాడు. మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"నా పుట్టి ఖాళీగా తిరుగుతాండాది అప్పా. మా ఈరవదిన నాకు నిప్పు గూడా ఇయ్యలేదు. నువ్వొచ్చి ఒక్కమాట సెప్పు. మూడు జతలు ఉంటాయని సెప్పు సాలు."

"చెబితే దొరకు తెలుస్తుంది నాగప్పా. ఆ రోజే తుపాకులొస్తాయి. అప్పుడు మూడు జతలు కూడా ఉండవు."

నాగప్ప చెంబు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత, "అయితే నన్ను గూడా సెప్పొద్దంటావు."

"పని అయ్యేదాకా."

"బిన్నా కానీప్పా, జాగు సేయొద్దు. దూషణ మోసేకి నాకు అలవాటు లేదు," అని నీళ్ళు తాగి పోయాడు.

నేను ఆయనకు సర్దిచెప్పాననుకున్నాను. నిజానికి నా బరువు తీసి ఆయన నెత్తిన పెట్టి పంపాను. ఆ పూట నాకు భోజనం కూడా బాగానే సహించింది, అది కూడా రాస్తున్నాను.

పాయ

జింకల్ని తోలే రోజు వచ్చింది. ఇవతలి ఒడ్డున కొయ్యలు నాటి, రెండు చేతులు చాచినట్టు వలలు కట్టించాను. గడ్డ మీద మనుషులు అరుచుకుంటూ వస్తే మంద పాయలో లోతు తక్కువ ఉన్న దాటు మీదుగా దూకి వలలోకి రావాలి. అదొక్కటే దారి. మిగతా చోట్ల మడుగులు. కూలికి పిలిపించిన వలలవాళ్ళ పెద్దకు ముందే చెప్పాను, దిగువ కొసన బండల వైపు పోవద్దు, అక్కడ పాములు అని. పాములు లేవు. బండల మాటున మిగలాల్సినవి ఉన్నాయి, తెల్లవారకముందే నాగప్ప కంకులు చల్లి అటు మళ్ళించిన మూడు జతలు.

నేను పోయేసరికి దాటు నిండా ఆడవాళ్ళు. మోకాలి లోతు నీళ్ళలో నడుముల దాకా మునిగి కూర్చున్నారు. ముందు వరసలో నాగప్ప వదిన ఈరమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి తాత సమాధి ఊడ్చేది ఆవిడే. మగవాళ్ళు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డారు. గడ్డ మీద అరుపులు అప్పటికే మొదలయ్యాయి. మంద అటూ ఇటూ పరుగెత్తుతోంది.

"ఏమప్పా శెట్టీ, తక్కెడ తేలేదా?" అంది ఈరమ్మ. "జింకల్ని తూకానికి కొన్యావా, తలకింతని కొన్యావా?"

"కొమ్ములు తీసేసి తూస్తాడేమోలే అక్కా. తరుగు పోతాది గదా," అంది వెనకనుంచి ఇంకొకావిడ. నీళ్ళలో నవ్వు గుప్పుమంది. నిజానికి మంచి మాటే. మా అంగట్లో అయితే నేనూ నవ్వేవాణ్ణి.

"అమ్మా, నేను కొనలేదు."

"కొనకుండానే తువాలు పరిసినావా? మా మగోళ్ళు సంతకు పోయినోళ్ళే. తువాలు కింద ఏం జరుగుతాదో మాకు తెలీదా? నువ్వు కొన్లేదంటావు, వాడు అమ్మలేదంటాడు. మరి సేతి ఏళ్ళు పట్టుకుని జాతకం సూసుకున్యారా?"

అప్పుడే జీపు వచ్చి ఆగింది. దొర దిగాడు. వెంట ఇద్దరు స్నేహితులు, చేతుల్లో తుపాకులు. పిలవలేదు, వచ్చారు. ఆదివారం.

"ఏమిటిదంతా?" అన్నాడు దొర. నేను సర్దిచెబుతున్నానన్నాను. ఆయన ఎండవైపు చూశాడు, గడ్డవైపు చూశాడు. "ఆ పరుగులు చూడండి. గంటసేపు ఇలాగే తరిమితే మీ వలలు అక్కర్లేదు, వాటంతటవే చస్తాయి. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా ఆగుతాను. అప్పటికీ వీళ్ళు లేవకపోతే ఇటునుంచి ఇటే కాల్చేస్తాం. ఆడవాళ్ళ తలలకు చాలా ఎత్తునుంచే పోతాయిలే."

ఆ చివరి మాట ధైర్యం చెప్పడానికి అన్నాడు. స్నేహితుల్లో ఒకాయన తుపాకీ గొట్టం కిందికి మడిచి తూటాలు దూర్చాడు. ఆ చప్పుడుకు నీళ్ళలో మాటలు ఆగిపోయాయి. అయినా ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరూ పక్కనున్నవాళ్ళ కొంగు పట్టుకున్నారు.

"అవునూ, ఆవిడ తువాలు తువాలు అంటోంది, ఏమిటది?" అని దొర నన్ను అడిగాడు.

"ఊరివాళ్ళ మాటలు సార్," అన్నాను.

ఒక్క ముక్క చెబితే చాలు, ఊరు నీళ్ళలోంచి లేస్తుంది. ఆ ముక్క చెబితే దొర ఆగడు. నా జన్మలో ఎన్నో బేరాలు చేశాను. ఎటు తిరిగినా నష్టం వచ్చే బేరంలో నిలబడటం మాత్రం అదే మొదలు.

పుట్టి ఒడ్డుకు లాగి నాగప్ప వచ్చాడు. నేరుగా నీళ్ళలోకి దిగి ఈరమ్మ ఎదుట నిలబడ్డాడు.

"లేయ్ వదినా."

"నువ్వు సెప్పురా. ఈళ్ళందరి ముందరా సెప్పు. అమ్మినావా, లేదా?"

నాగప్ప నావైపు తిరిగాడు. ఆయన చూస్తున్నాడని తెలుసు. నేను వలల కొయ్యలు సరిగ్గా నాటారో లేదో చూసుకున్నాను. ఒక కొయ్య కదులుతున్నట్టుంటే చేత్తో పట్టి కదిపి కూడా చూశాను.

"అమ్మినా," అన్నాడు నాగప్ప.

ఈరమ్మ పట్టుకున్న కొంగు వదిలేసింది.

"ఆకూవక్కా తీసుకున్యా. మీరందరూ సూసినారు. మాటైపోయినాది. సరుకు పోవాల్సిందే. కూకుంటే ఊరి మాట పోతాది. లేయండి."

ఈరమ్మ ఆయన్ను తేరిపార చూసింది. దోసిలితో నీళ్ళు తీసుకుని ఆయన కాళ్ళ ముందు వదిలింది. "నీకు నీళ్ళొదిలినా నాగా," అంది. లేచింది. ఆవిడ వెనక ఒక్కొక్కరే లేచారు. ఆయనను తాకకుండా, ఆయనకు అటొకరు ఇటొకరు తప్పుకుంటూ ఒడ్డుకు ఎక్కారు. ఏ ఆకూవక్కా మర్యాద ఆయన్ను దోషిని చేసిందో, ఆ మర్యాదే వాళ్ళను లేపింది. అది ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

వెంటనే మంద దాటు మీద పడింది. నీళ్ళు తెల్లగా ఎగిరాయి. ఇర్రులు మనిషెత్తు దూకాయి, దూకి వలలో పడ్డాయి. కాళ్ళు కట్టి బండ్లలో పడుకోబెడుతున్నాం. కొన్నిటి కాళ్ళు విరిగాయి. కొన్నింటికి ఒంటి మీద గీత కూడా లేదు, కళ్ళు తెరిచి ఊపిరి ఆపేశాయి. భయానికే ప్రాణం పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాల్సిన ఉద్యోగం నాది.

సందడి తగ్గాక దొర స్నేహితుడు దిగువ కొసవైపు వేలు చూపించాడు. "అదిగో, బండల్లో ఏదో కదిలింది."

"ఊరి మేకలు సార్," అన్నాను.

దొర కంటి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "మీ ఊళ్ళో మేకలకు కొమ్ములు మెలితిరిగి ఉంటాయి కాబోలు," అన్నాడు. "ఎండ ముదిరిపోయింది, పదండి," అని స్నేహితుల్ని జీపెక్కించాడు.

ఇన్నేళ్ళుగా ఆ మాట తిప్పితిప్పి చూసుకున్నాను. మూడు జతలు వదిలేద్దాం సార్ అని ముందే అడిగి ఉంటే ఒప్పుకునేవాడా? ఆరోజు అలసిపోయి వదిలేశాడా? తెలియదు. నేను అడగలేదు. పై అధికారి మొండివాడని మనమే తీర్మానించేసుకుని, ఆయన చుట్టూ దొంగదారులు తవ్వుతాం. కొందరు నిజంగానే మొండివాళ్ళు. ఎవరు మొండివాళ్ళో అడిగిన తర్వాతే తెలుస్తుంది.

ఈరమ్మ మాట

దొర బదిలీ అయి పోయేదాకా నేను నోరు విప్పలేదు. పోయాక ఆ ఊరికి పోయాను. నాగప్ప లేడు. తోలిన మర్నాడే పుట్టి నెత్తికెత్తుకుని ఏటి వెంట దిగువకు పోయాడట, మంత్రాలయం దగ్గర యాత్రికుల్ని దాటిస్తున్నాడట. ఈరమ్మ ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను.

చేట ఆపింది. "మూడు జతలు గడ్డ మీద కనపడతానే ఉండాయి. తాత నిలబెట్టుకున్యాడనుకుంటిమి." చేటలోని గింజలు గంపలో పోసి చేట పక్కన పెట్టి, "ఈ మాట ఆ పొద్దు ఎందుకు సెప్పలేదు?"

"చెబితే దొరకు తెలిసి కాల్చేసేవారమ్మా."

"దొరకు ఎవురు సెప్తారు? మేమా? మాకు సెప్పింటే ఊరు ఊరంతా నోరు మూసుకునేటోళ్ళం. ఏట్లో కూకుండమంటే కూకుండేటోళ్ళం, ఏడ్సమంటే ఏడ్సేటోళ్ళం, నీ దొర నమ్మేటట్ల. నువ్వు ఒక్కని నోరే మూసినావు. ఆ ఒక్కడే సచ్చినాడు."

"చావలేదమ్మా, మంత్రాలయంలో ఉన్నాడు."

"మాకు సచ్చినాడు గదప్పా. నీళ్ళొదిలింది నేనే." చేట మళ్ళీ అందుకుంది. గింజలు పోసుకోలేదు, ఖాళీ చేటనే చెరిగింది.

తోడుకురమ్మని మనుషుల్ని పంపింది. నాగప్ప రాలేదు. నేనూ పోయాను. ఏటి ఒడ్డున ఆకు నములుతూ కూర్చున్నాడు, నన్ను చూసి మర్యాదగానే నవ్వాడు. "ఆ రేవులో ఇంక పుట్టి ఎయ్యలేనప్పా. పిలిసినారు, సంతోషం. ఎక్కేటప్పుడు ఒగరైనా నా మొగం సూస్తే, అప్పుడు దుడ్లు తీసుకోలేదని మళ్ళా సెప్పుకోవాల గదా. నాకు సేతగాదు," అన్నాడు. నన్ను పుట్టిలో ఎక్కించుకుని అవతలి ఒడ్డు దాకా తిప్పి తెచ్చాడు. కూలి తీసుకోలేదు.

లెక్క

పైర్లు దక్కాయా అంటే, ఒక పంట దక్కింది. ఆ తర్వాత మైదానం వైపునుంచి వేరే జింకలు వచ్చాయి. మట్టి తెచ్చిన రైతు మళ్ళీ వచ్చాడు. గడ్డ ఖాళీ చేయించడం వల్ల ఆయనకు కలిగిన మేలు కొద్దిగానే.

బండ్లలో తోలుకుపోయిన జింకల్ని చిట్టడవిలో వదిలాం. వదిలాక వాటి వెంట పోయి చూసుకోలేదు. కొన్నాళ్ళకు పోతే పుర్రెలు కొన్ని దొరికాయి, కుక్కలు తిన్నవి. దూరాన పరిగెత్తినవి రెండో మూడో కనిపించాయి. బతికినవి ఇంకా ఉన్నాయని అనుకోవడం నాకు ఇష్టమే గానీ లెక్కలో రాయలేను.

గడ్డ మీది మూడు జతలు పిల్లలు పెట్టాయి. మంద మళ్ళీ మందయింది. అది నా ఘనత అని చాలాకాలం చెప్పుకున్నాను. కానీ ఆ బండల మాటున అవి బతికింది, ఒక మనిషి నీళ్ళలో నిలబడి చేయని తప్పు ఒప్పుకున్నందుకు. ఆ పద్దు నాగప్పది. ఆరోజు తుపాకులు పేలలేదు, ఏ ఆడమనిషికీ ఏమీ కాలేదు. అదీ నాగప్పదే. బండలవైపు చూసి జీపెక్కడం దొరది, ఆయనకు రావాల్సినంత ఆయనకు వేస్తున్నాను.

ఇక నా పేరు కింద మిగిలినవి వలలో కళ్ళు తెరిచి చచ్చినవి, చిట్టడవిలో పుర్రెలు, ఊరు పోగొట్టుకున్న ఒక పుట్టివాడు. నాగప్ప నావైపు తిరిగినప్పుడు చేత్తో పట్టి కదిపి చూసిన ఆ కొయ్య కూడా. అది గట్టిగానే ఉంది.